సులోచన మేడమ్ గోడ క్యాలెండర్

ఈ ఉదయం ఆఫీసు గదిలో అడుగు పెట్టగానే బెల్లం వాసన వచ్చింది. బల్లమీద పాత పేపర్లో చుట్టిన పొట్లం ఉంది. విప్పితే పసుపు, కుంకుమ అంటిన బెల్లం ముక్క. నాగోల్ నుంచి సులోచన మేడమ్ పంపారని అటెండర్ చెప్పాడు. సమ్మక్క సారలమ్మ జాతరకు వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆవిడ నాకు ప్రసాదం పంపుతారు. పొట్లం పక్కనే నా సంతకం కోసం ఒక జాబితా పెట్టి ఉంది. పిల్లలు తక్కువైనందువల్ల పక్క బడిలో కలిపేయదగిన సర్కారు బడుల పేర్లవి. సాయంత్రంలోగా పైకి పంపాలి. ఈ రెండూ ఒకే బల్లమీద పడడం చూసి నాకు నవ్వు ఆగలేదు.

ఆ జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఇది నాలుగు జాతరల కిందటి మాట. మాది తెనాలి. పెళ్లయి ఉప్పల్ వచ్చి, ఒక మండల విద్యాశాఖ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. మండలంలోని సర్కారు బడులన్నిటికీ సులోచన మేడమ్ అధికారి. పైనుంచి వచ్చే ఉత్తర్వులను బడులకు చేర్చడం, బడుల సంగతులను పట్టికలుగా మార్చి పైకి పంపడం మా పని. పట్టికలు కట్టడంలో నేను గట్టిదాన్ని. ఆ సంగతి నాకు కాస్త ఎక్కువగానే తెలుసు. అందుకే నా కుర్చీ వెనక గోడకు వేలాడే కిరాణా కొట్టు క్యాలెండర్ మీద మేడమ్ రోజూ ఏదో గీకుతుంటే నాకు వేళాకోళంగా ఉండేది.

"అది పాల లెక్కా మేడమ్?" అని ఒకరోజు అడిగేశాను.

"పాల లెక్క గాదు బిడ్డా, పోరగాండ్ల లెక్క," అన్నారావిడ కళ్లద్దాలు పైకి తోసుకుంటూ. "మంగళారం నాచారం బస్తీకి నీళ్ల ట్యాంకర్ వస్తది. ఆడపిల్లలు బిందెలు వట్టుకొని లైన్ల నిలవడ్తరు, బడికి రారు. బడిల వంట జేసే అక్కలే చెప్తరు నాకు. ఉత్తర్వులల్ల ఇసుంటియి రాయరు గద!"

ట్యాంకర్‌ను మంగళవారం సాయంత్రానికి మార్పించడానికి ఆవిడ నీళ్లవాళ్ల ఆఫీసు చుట్టూ నెలరోజులు తిరిగారు. ఆ తర్వాత మంగళవారం హాజరు పెరిగింది. దాన్ని కూడా నేను నా పట్టికల మహిమే అనుకున్నాను.

ఆ ఏడాది మాఘమాసంలో చిన్న బడుల లెక్క తీయమని పైనుంచి ఆదేశం వచ్చింది. మేడమ్ పరీక్షల శిక్షణకని వారం రోజులు వేరే ఊరు వెళ్లారు. నేనే స్కూటీ వేసుకుని బడులు తిరిగాను. నాచారంలో ఫ్యాక్టరీల వెనక ఉన్న చిన్న బడిలో, రిజిస్టర్‌లో నలభై ఆరు పేర్లుంటే ఎదురుగా పదకొండు మందే కనిపించారు. దొంగ పేర్లు పట్టేశానని లోపల ఒకటే సంబరం.

"అందరు జాతరకు వోయిన్రు మేడం," అంది వంటచేసే ఎల్లమ్మక్క.

నేను పట్టించుకోలేదు. మా వైపు తిరునాళ్లంటే పొద్దున పోయి సాయంత్రానికి బూరలు ఊదుకుంటూ వచ్చేస్తాం. ఇల్లిల్లూ తాళం వేసి, కోళ్లతో, గిన్నెలతో బండెక్కి వారం పాటు పోయే జాతర ఒకటుంటుందని నాకేం తెలుసు? పదకొండు అని రాసి, ఆ సాయంత్రమే పంపేశాను.

వారం తిరిగేసరికి ఆ బడి మూతపడే జాబితాలో చేరింది. దగ్గరి బడి లారీలు తిరిగే పెద్దరోడ్డుకు అవతల. తల్లులంతా పొద్దున్నే ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళ్లేవాళ్లు. రోడ్డు దాటించేవాళ్లు లేక చిన్నపిల్లలు చదువు మానేయడం ఖాయం.

తిరిగొచ్చిన మేడమ్ కాగితం చూసి, "ఏ దినం పోయినవ్ బిడ్డా?" అని మాత్రం అడిగారు.

"గురువారమండీ."

ఆవిడ నా తల వెనక గోడవైపు చూపించారు. గురువారం చుట్టూ ఎర్ర సున్నా. పక్కన 'జాతర, నాచారం ఖాళీ' అని రాసి ఉంది. నేను రెండు చేతులతో మొహం కప్పుకున్నాను. మేడమ్ మాత్రం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. "గంత పెద్ద కంప్యూటర్‌ల దేవతలకు జాగ లేకపాయె!" అన్నారు.

మర్నాడు జిల్లా ఆఫీసుకు నన్నూ వెంటబెట్టుకుని వెళ్లారు. అక్కడి పెద్దాయన కోపంగా, "ఈ తప్పుడు లెక్క ఎవరు తీశారు?" అన్నాడు. నేను నోరు తెరవబోతుంటే మేడమ్ నా చెయ్యి నొక్కారు.

"మా ఆఫీసు లెక్క సార్, అంటే నాదే. మెమో ఇస్తే నా పేరు మీదనే ఇయ్యుండ్రి. గని సోమారం దాంక టైమియ్యుండ్రి, మల్ల లెక్కవెడ్తం."

మెమో వచ్చింది. రిటైర్మెంటుకు ఏడాది కూడా లేని మనిషికి, సర్వీసులో మొదటి మెమో. తిరుగు బస్సులో నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడ మాత్రం బఠానీలు కొని సగం నా ఒళ్లో పోశారు.

సోమవారం నన్ను నాచారం బడి గేటు దగ్గర నిలబెట్టి, "ఇప్పుడు లెక్కవెట్టు," అన్నారు మేడమ్. జాతర నుంచి వచ్చిన పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వస్తూ, కొత్త టీచరమ్మ అనుకున్నారేమో, నా చేతిలో తలా ఇంత బెల్లం పెట్టారు. నలభై మూడు మంది. నా చెయ్యి, పెన్ను, కాగితం అన్నీ జిగురే. ఆ మరకల కాగితాన్నే మేడమ్ జిల్లాకు తీసుకెళ్లారు. బడి నిలిచింది. వేర్వేరు వారాల్లో మూడు రోజులు లెక్కపెట్టాకే ఏ బడినైనా జాబితాలో చేర్చాలన్న నియమం కూడా జిల్లాలో ఆ తర్వాతే వచ్చింది.

తర్వాత పరీక్షలు రాసి పైకొచ్చి, ఇప్పుడు నేనే జిల్లా ఆఫీసులో ఆ జాబితాలు చూస్తున్నాను. ఈ ఉదయం కాగితంలో మూడు తేదీలకు బదులు ఒక్కటే ఉంది. కొత్తగా చేరిన ఆపరేటర్ అమ్మాయిని పిలిచాను.

"ఏ దినం పోయినవ్ బిడ్డా?" అన్నాను. నా నోట ఆ మాటతీరు విని ఆ పిల్ల తెల్లబోయింది.

"మొన్న గురువారం మేడమ్. టైం లేదని ఒక్కరోజే పోయిన," అంది భయంగా.

గోడమీద నా క్యాలెండర్‌లో ఆ గురువారం చుట్టూ ఎర్ర సున్నా, పక్కన 'జాతర' అని ఉంది. ఫోన్ తీసి పై అధికారికి జాబితా ఈ రోజు రాదని చెప్పాను. "ఆలస్యానికి మెమో ఇస్తే నా పేరు మీదే ఇవ్వండి సార్," అన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. మేడమ్ పంపిన బెల్లం ముక్కను విరిచి, సగం తన చేతిలో పెట్టాను.