ప్రభు బల్లకు సంజాయిషీ నోటీసు

సంఘానికి నేను చేసిన సేవల్లో ఒక్కటే నిజంగా పనిచేసింది. అదే తప్పయింది.

మాది పటాన్‌చెరు దగ్గర రేకుల కప్పున్న లూథరన్ చర్చి. ఫ్యాక్టరీ ఉద్యోగాలకని కోస్తా నుంచి వచ్చిన మా తాతల తరం కట్టుకుంది. వేసవిలో ఆ రేకుల కింద కూర్చున్నవాళ్ళకు నరకం గురించి వేరే ప్రసంగం అక్కర్లేదు. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం. తీసుకోదలచినవాళ్ళు శనివారానికల్లా పేరు ఇవ్వాలి. ఆ పేర్ల పుస్తకం నా దగ్గర ఉండేది. ఎప్పుడూ కీచుమనే మైకు చూసుకోవడమూ నా పనే.

బొల్లారంలో ఒక మందుల కంపెనీలో నేను హెచ్‌ఆర్ గుమస్తాను. డ్యూటీకి రానివాళ్ళకు నోటీసులు టైపు చేయడం నా పని. మూడు నెలలుగా కొందరు బల్లకు పేర్లు ఇవ్వడం లేదని మా సంఘపెద్ద ఒకరోజు బాధపడ్డాడు. ఆయన రిటైరైన సూపర్‌వైజర్.

"నువ్వు ఆఫీసులో ఉంటావు కదయ్యా, ఏదో ఒకటి రాయి."

నవ్విద్దామని ఆఫీసు నమూనాలోనే కొట్టి ఇచ్చాను: "మీరు వరుసగా మూడు నెలలు ప్రభు బల్లకు గైర్హాజరైనందున ఏడు రోజుల్లో లిఖితపూర్వక సంజాయిషీ ఇవ్వవలెను."

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకున్నాడు. "బ్రహ్మాండంగా ఉంది. పదకొండు కాపీలు తియ్యి."

అవతలివాడు నవ్వనప్పుడు జోక్ ఆపేయాలి. నేను కింద సంతకం పెట్టాను.

పదిమంది దాన్ని కూరగాయల సంచిలో వేసుకుని మరిచిపోయారు. పదకొండో మనిషి పెద్దమ్మ. నాకేమీ చుట్టం కాదు, సంఘమంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ఇక్కడి ఊరి మనిషే. ఒక కంపెనీలో ఊడ్చే పని. వారాంతపు సెలవు బుధవారం, అందుకే ఆదివారాలు తప్పిపోతుంటాయి. ఆ సంగతి నోటీసు రాసినవాడికి తెలుసు.

తరువాతి ఆదివారం మైకు వైరు చూడటానికి బయటికి వచ్చాను. గేటు అవతల పెద్దమ్మ నిలబడి, లోపలి పాటతో పాటు పాడుతోంది. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"ఏంది పెద్దమ్మా, గీడ నిలవడ్డవ్? లోపలికి రా."

"ఎట్ల వస్త బిడ్డా? సంజాయిషీ ఇయ్యలే గద."

"దానికీ దీనికీ ఏంది?"

"మా కంపెనీల నోటీసిస్తె, జవాబు ఒప్పుకునేదాంక గేటు లోపలికి రానియ్యరు. మీ తాన వేరెనా?" కవరులోంచి గుండ్రటి స్టాంపు వేసిన కాగితం తీసింది. "ఇయ్యాల షిఫ్టు మార్చుకొని వచ్చిన. టైమాఫీసోన్ని రెండు దినాలు బతిమిలాడితె, ఆదివారాలు డ్యూటీ అని రాసిచ్చిండు. ఎవలకియ్యాలె?"

ఎవరికివ్వాలో నోటీసులో రాయడం మరిచిపోయాను. ఆఫీసులోనూ అంతే.

"అది ఉత్త జోక్ పెద్దమ్మా."

"సంతకం పెట్టి జోకేస్తరా?"

ఎంత పిలిచినా గేటు దాటలేదు. చివరి పాట దాకా ఉండి, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు తెల్ల అంగీ విప్పుతుండగా విషయం చెప్పాను. "పొరపాటైంది అయ్యగారూ. దేవుడు క్షమిస్తాడు లెండి."

"అయితే నీకు క్షమించే సువార్త, ఆవిడకి తప్పులెంచే ధర్మశాస్త్రమా?" అన్నారు. "హాయిగా నిద్రపోయేవాడిని లేపడానికిరా ధర్మశాస్త్రం. నలిగినవాళ్ళకి సువార్త. నువ్వు సరిగ్గా తిరగేసి పంచావు."

మొదటిసారి బల్ల తీసుకునే ముందు పిల్లలకు పెట్టే కన్ఫర్మేషన్ క్లాసులో ఈ తేడానే గడగడా అప్పచెప్పి పెన్ను బహుమతి గెలుచుకున్నవాణ్ణి నేను.

వచ్చే ఆదివారం అందరి ముందూ మోకరించి కన్నీళ్ళతో ఒప్పుకుంటానన్నాను.

"ఏడుపు ప్రాక్టీసు కూడా చేస్తావా? నాటకాలొద్దు. కాగితంతో కొట్టావు, కాగితంతోనే వెనక్కి తీసుకో."

పెద్దమ్మ లోపలికి వచ్చేదాకా మైకు ముట్టుకోనని ఆరోజే గట్టిగా అనుకున్నాను. మా మైకు సంగతి తెలిసినవాళ్ళకు ఇదేమంత త్యాగం కాదు. కానీ నిజంగానే అనుకున్నాను.

సాయంత్రానికి కొత్త కాగితం తీసుకెళ్ళాను: "మీ సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నందున మిమ్మల్ని బల్లకు అనుమతించడమైనది." అయ్యగారు అడ్డంగా గీత కొట్టారు.

"స్టాంపు కాగితం తెచ్చింది కాబట్టి రానిస్తున్నామా? తేలేకపోతే? ఇదీ ధర్మశాస్త్రమే, కాకపోతే నవ్వుమొహం పెట్టింది."

మా ఆఫీసు కంప్యూటర్‌లో హెచ్చరికకు, సస్పెన్షన్‌కు, తొలగింపుకు నమూనాలున్నాయి. ఊరికే రమ్మనడానికి లేదు. రెండు రోజులు చించి చించి, చివరికి చేత్తోనే రాశాను: "మీ సంజాయిషీ అక్కర్లేదు. బల్ల మాది కాదు, ప్రభువుది. ఆయన పిలిచాడు, రండి. నోటీసు రాయడం నా తప్పు."

సంఘపెద్ద చదివి సంతకం పెట్టనన్నాడు. "ఇలా అందరినీ వదిలేస్తే సంఘంలో భయం ఏముంటుందయ్యా?"

"భయపడింది ఒక్కరే సార్. ఆవిడ గేటు బయట నిలబడింది."

ఆయన కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు. సంతకం నాదొక్కటే ఉంది. మొదటిదాని మీదా నాదే కదా అనుకుని బయల్దేరాను.

బుధవారం సెలవు పెట్టి పెద్దమ్మ గదికి వెళ్ళాను. ఆమె అక్షరాల కింద వేలు పెట్టి రెండుసార్లు చదివింది.

"మరి నా స్టాంపు కాయితం?"

"అక్కర లేదు పెద్దమ్మా."

"అక్కర లేదా! రెండు దినాలు తిరిగిన గదరా దానికి!" అని, కాసేపు ఆ స్టాంపునే చూసింది. తరువాత, "మంచిది, నా పేరు రాసుకో. నీ పేరు రాసుకున్నవా?"

రాసుకోలేదు. పుస్తకం పట్టుకున్నవాడి పేరు ఎవరు వెతుకుతారు? ఐదు నెలలుగా మైకు వంకతో నేను బల్ల దగ్గరికే పోలేదు. పన్నెండో కాపీ తీయనేలేదు. ఆమె ముందే పుస్తకం తెరిచి ఆమె పేరు, దాని కింద నా పేరు రాశాను.

మొదటి ఆదివారం ఆరాధన గంటకు ముందే గేటు దగ్గర నిలబడ్డాను. పెద్దమ్మ ఇస్త్రీ చీరలో వచ్చింది. నేను రాసిన ఉత్తరం గేట్‌పాస్‌లాగా చేతికిచ్చింది.

"సూడు."

"సూసేదేం లేదు. పా లోపలికి."

"సూడకుండనే పంపుతవా? ఏం గేటురా ఇది!"

విసుక్కుంటూనే చెప్పులు విప్పి లోపలికి నడిచింది. ఉత్తరం నా చేతిలోనే ఉండిపోయింది. లోపల మైకు కీచుమంది. దాన్ని కీచుమననిచ్చి, నేనూ చెప్పులు విప్పాను.