రీగో రొట్టెల కొట్టు ఉండిన చోటు

ఫోన్ తెరల మీద ఏది ఎక్కడుండాలో తీర్చిదిద్దడం సియోమారా పని. ఏ మీట ఎక్కడుంటే వేలు అటు పోతుందో, ఎన్ని ప్రశ్నలడిగితే మనిషికి విసుగొస్తుందో ఆమెకు కొట్టిన పిండి. అంత తెలిసిన పిల్ల, మనాగ్వాలో పుట్టి పెరిగి, అంబులెన్సును పిలిచే యాప్‌లో "వీధి పేరు, ఇంటి నంబరు" అని రెండు గళ్లు పెట్టింది! ఆ ఊళ్లో వీధి పేర్లు ఎవడికి కావాలి? అందరూ ఏదో ఒక గుర్తు పట్టుకునే దారి చెబుతారు. పైదేశాల యాప్‌లు చూసి చూసి బుద్ధి అటు తిరిగింది, ఇంకేముంది.

ఆసుపత్రి పెద్ద ఎవెనోర్ ముందే తేల్చేశాడు.

"శుక్రవారం పరీక్షలో ముసలివాళ్లు బండి పిలవలేకపోతే దీన్ని పక్కన పడేస్తానమ్మా. ఏడాది కష్టపడ్డావని చూడను."

గురువారం సియోమారా తన మేనత్త సల్వదోరా చేతికి ఫోనిచ్చింది. అత్తది గుండె జబ్బు. ఆవిడ మొదటి గడి దగ్గరే ఆగిపోయింది.

"మన వీధి పేరేంటే?"

"నాకూ తెలీదత్తా."

"నీకే తెలీంది నన్నడుగుతావేం? గుండె పట్టేస్తుంటే ఈ పరీక్షొకటా?"

సియోమారాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "పోనీ, టాక్సీవాడికి ఏం చెప్తావ్?"

"రీగో రొట్టెల కొట్టు ఉండిన చోటు నుంచి సరస్సు వైపు రెండు వీధులు. ఇంకేం చెప్తాను, నా మొహం!"

రీగో అత్త మొగుడు. ఆయన పోయాక కొట్టూ పోయింది, అక్కడిప్పుడు టైర్లమ్ముతున్నారు. ఇలా మాయమైన గుర్తులన్నీ తప్పులేనని సియోమారానే యాప్‌లోని పటంలోంచి ఏరిపారేసింది. ఇప్పుడు నెత్తి కొట్టుకుని అన్నీ తిరిగి చేర్చింది. గళ్లు రెండూ తీసేసి, నోటితో చెబితే చాలనేలా ఒక్కటే అడిగింది: "టాక్సీవాడికి ఏం చెప్తారు?"

శుక్రవారం పేటలోని ముసలివాళ్లంతా ఫోన్లోకి అరిచి మరీ బండి పిలిచారు. బండి ఎక్కడా దారి తప్పలేదు. చివరికి అత్త గుమ్మం ముందు ఆగింది. అందులోనే తిరిగిన ఎవెనోర్ దిగి, "బతికిపోయావు పిల్లా, ఉంచుదాం" అన్నాడు. గడపలో నిలబడ్డ సియోమారా అత్తను గట్టిగా వాటేసుకుంది.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎవరమ్మా ఈ రీగో? పొద్దున్నించీ పేటంతా ఆయన పేరే! మొన్న కాపురానికొచ్చిన పిల్ల కూడా, మామగారి కోసం పిలుస్తూ ఆయన కొట్టు నుంచే దారి చెప్పింది. కొట్టెక్కడని అడిగితే తనెప్పుడూ చూళ్లేదంది."

అత్త గౌను అంచుతో ముక్కు తుడుచుకుంది.

"రొట్టెలు మాడుస్తాడని బతికినన్నాళ్లూ తిట్టిపోశాను నాయనా. ఊరంతా ఆయన పేరు చెప్పుకునే ఇల్లు చేరుతోందా!"