రెండు చివరలా కుదిరిన వైరు

మా పిన్ని ముప్పై ఏళ్లుగా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. అక్కడ ఆమెను ‘వత్తులమ్మ’ అనేవారు. కళ్లల్లో వత్తులేసుకుని చదువుతుందనీ, అక్షరాల కింద జారిపోయిన వత్తులన్నీ పట్టుకుంటుందనీ. బస్సులో వెళ్తూ కూడా దుకాణాల బోర్డుల్లో తప్పులు వెతికేది. పక్కన కూర్చున్న బాబాయి, “ఆదివారం కూడా డ్యూటీయేనా?” అని నవ్వేవాడు.

ఒక కన్ను ఎప్పుడో మసకబారింది. పోయినేడు రెండో కంట్లో కూడా గీతలు వంకర్లు పోవడం మొదలైంది. సూదిమందు వేశాక డాక్టరు, “జబ్బు వేగం తగ్గించగలం కానీ ఆపగలమని మాటివ్వలేను. పెద్ద తెర పెట్టుకోండి. చదవాల్సింది తొందరగా చదువుకోండి” అన్నాడు.

అప్పుడామె చేతిలో ఉన్నది నర్సుల కోసం రాసిన మందుల పుస్తకం. అందులో ఒక్క సున్నా జారినా ప్రాణం మీదికొస్తుంది. “దీన్ని పూర్తిచేసే మానేస్తాను” అంది పిన్ని.

బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. మూసేస్తున్న ఒక ఆఫీసు నుంచి పెద్ద మానిటరు తెచ్చాడు, వైరు లేకుండా. పిన్ని ప్రూఫులు దిద్దే లాప్‌టాప్‌కి ఉన్న సాకెట్టు హెచ్‌డీఎంఐ. మానిటరుకి ఉన్నది ఒక మూల కోసేసినట్టుండే డిస్‌ప్లే పోర్టు. రెండింటినీ ఫోనులో ఫొటో తీసి దుకాణంలో చూపిస్తే, ఒక చివర ఇదీ, ఇంకో చివర అదీ ఉన్న వైరు ఇచ్చారు. రెండు వైపులా చక్కగా బిగుసుకుంది. తెర ఒకసారి వెలిగి, ‘సిగ్నల్ లేదు’ అని చూపించి ఆరిపోయింది.

బాబాయి వైరు పీకాడు, ఊదాడు, గడియారాల బ్రష్షుతో తుడిచాడు, మళ్లీ పెట్టాడు. అదే మాట.

“ఏమండీ, వచ్చిందా?” కళ్లజోడు పెట్టుకుని కుర్చీలో కూర్చున్న పిన్ని అడిగింది.

“వస్తుందిలే, ఉండు.”

మూడు దుకాణాలు తిరిగితే గాని అసలు సంగతి తెలియలేదు. మూడో దుకాణదారు వైరును అటూ ఇటూ తిప్పి, ఫోనులో ఫొటోలు చూసి, “వైరు మంచిదే సార్. కానీ ఇది వన్‌వే. ఈ మూల తెగిన చివర కంప్యూటరుకే పెట్టాలి, హెచ్‌డీఎంఐ తెరకి. మీ ఇంట్లో అటుదిటు అయింది. బొమ్మ ఎదురెక్కదు” అన్నాడు.

“మరి రెండు వైపులా పట్టిందే!”

“పట్టడం వేరు సార్, పనిచేయడం వేరు. మీకు కన్వర్టరు కావాలి. నా దగ్గర లేదు, తెప్పించాలి.”

అది వచ్చేసరికి మూడు వారాలు దాటింది. వచ్చినా మొదటిరోజు తెర వెలగలేదు. కన్వర్టరుకి తోకలా వేలాడుతున్న సన్నటి వైరు కరెంటు కోసమని, దాన్ని కూడా లాప్‌టాప్‌కి గుచ్చాలని బాబాయికి ఎవరూ చెప్పలేదు. మర్నాడు నేను వెళ్లి గుచ్చాను. తెర నిండా పేజీ వచ్చేసింది, అరచేతంత అక్షరాలతో.

“రా, రా! ఇక చదువు!” బాబాయి గొంతులో పెళ్లివారి సందడి.

పిన్ని ముందుకు వంగింది. తల పక్కకి తిప్పింది. వెనక్కి జరిగింది.

“మాట మొదలు కనిపిస్తోంది, చివర కనిపిస్తోంది. నడుమ ఎవరో వేలితో చెరిపేసినట్టుంది” అంది చివరికి.

“ఇంకా పెద్దవి చేస్తాను.”

“ఎంత పెద్దవి చేసినా నేను చూసేచోటే చెరుగుతోందండీ. ఊహించి చదివితే అది ప్రూఫా, పుక్కిటి పురాణమా? మందుల పుస్తకం ఇది.”

ఆమే ప్రెస్సుకి ఫోను చేసి, “ఇంకెవరికైనా ఇవ్వండి. అరవయ్యో పేజీ దాకా నాది పూచీ” అని చెప్పింది. ఫోను పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి కాసేపు కుళాయి తిప్పి వదిలేసింది.

తర్వాతి వారం బాబాయి డాక్టరుని అడిగాడు. “ఆ తెర ముందే వెలిగుంటే?”

“తెర వల్ల కన్ను నిలవదండీ. మీ తప్పేం లేదు.”

బాబాయి అడిగింది కన్ను గురించి కాదు, పుస్తకం గురించి. బయటికొచ్చాక నాతో, “వైరు ఇచ్చినవాడు మోసం చెయ్యలేదు. నేను అడిగిందే ఇచ్చాడు. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలీటం లేదురా” అన్నాడు.

మెట్ల దగ్గర పిన్ని చెయ్యి చాపి గాల్లో రెయిలింగు కోసం వెతుకుతోంది. ఆయన వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు.