కాలువ కట్టేసిన నెలలు

1998. రాజమండ్రిలో ఆడిటర్‌గా నా ప్రాక్టీసు బాగానే సాగుతున్న రోజులు. తణుకు వైపు రైసుమిల్లు ఉన్న సూర్రావు గారు ఒక ఉదయం ఆఫీసుకొచ్చి, మినీ హైడల్ పెడుతున్నానన్నారు. కాలువ లాకుల దగ్గర నీరు కిందికి దూకే చోట టర్బైన్ బిగించి కరెంటు తీసే చిన్న ప్లాంటు అది. బొగ్గు అక్కర్లేదు, డీజిలు అక్కర్లేదు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

ఇలాంటి ప్లాంటుకు ఖర్చంతా మొదట్లోనే. అందులో టర్మ్ లోను ఎంత, ఈక్విటీ ఎంత అన్నదే అసలు ప్రశ్న. టర్మ్ లోను అంటే ఏళ్ళ పాటు వాయిదాలు కట్టాల్సిన బ్యాంకు అప్పు, ఈక్విటీ అంటే వాయిదాలు కట్టనక్కర్లేని సొంత పెట్టుబడి. అప్పు ఎక్కువ తెస్తే వడ్డీవల్ల పన్ను తగ్గుతుంది, పెత్తనం ఒక్కరిదే అవుతుంది. నిజమే. కానీ మా డెల్టాలో వేసవి వస్తే మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు.

"ఆ నెలల్లో వాయిదా ఎలా కడతారండీ?" అన్నాను.

"మిల్లు మాత్రం ఏడాదంతా ఆడుతోందేంటండి? సీజన్లో తెస్తాం, సీజన్లో తీర్చేస్తాం. ఇదీ అంతే."

అక్కడే పడింది తప్పటడుగు. మిల్లు అప్పు పంటతో వచ్చి పంటతో పోతుంది. టర్మ్ లోను ఏళ్ళ తరబడి ఇంట్లో తిష్ఠ వేస్తుంది.

ఆయనతో వచ్చి పక్కనే కూర్చున్న తమ్ముడు వెంకట్రావు, తన పొలంలో సగం అమ్మి వాటా పెడతానన్నాడు. లాభమొస్తేనే తీసుకుంటానన్నాడు. అంతకంటే ఏం కావాలి! అన్నగారు ససేమిరా అన్నారు.

"తమ్ముడి పొలం అమ్మించానంటే ఊళ్ళో తలెత్తుకోగలనా అండి?"

చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. బ్యాంకు పెట్టమన్న సొంత వాటా కోసం కూడా ఆయన మిల్లు తాకట్టు పెట్టి బయట అప్పు తెచ్చారు. అప్పుమీద అప్పు, పేరుకు ఈక్విటీ!

మొదట్లో ఎలాగో గట్టెక్కారు. 2002లో వానలు ముఖం చాటేశాయి. రెండో పంటైన దాళ్వా వరికే వంతులవారీగా నీళ్ళొదిలారు, ఇంక టర్బైన్‌కెక్కడివి? ఆ వెంటనే వేసవి, కాలువ కట్టేశారు. రెండు అప్పులూ మెడకు చుట్టుకున్నాయి. బ్యాంకు ప్లాంటును వేలం వేసింది. మిల్లు, బయట అప్పిచ్చిన ఫైనాన్షియరు పాలైంది.

మిల్లు తాళాలిచ్చిన రోజు నేనూ వెళ్ళాను. ధాన్యం కాటా పక్కన సూర్రావు గారు కూలబడి ఉన్నారు. వెంకట్రావు ఆయన భుజం పట్టుకుని ఏడ్చేశాడు.

"బ్యాంకువాళ్ళు ఆగలేదు. నేను ఆగేవాణ్ణి కదా అన్నయ్యా!"

"ఆగేవాడివేరా. నేనే నిన్ను రానివ్వలేదు," అన్నారాయన. నాకు దుఃఖం ఆగలేదు.

ప్లాంటు కొన్నవాళ్ళు చాలావరకు సొంత డబ్బే పెట్టారు. అదే టర్బైన్, అదే కాలువ. వేసవిలో తాళం వేసి నిశ్చింతగా ఉంటున్నారు. లోను ఎంతొస్తుందండీ అని వచ్చే ప్రతి క్లయింటునూ ఇప్పుడు నేను ముందుగా అడిగేది ఒక్కటే. రాబడి లేని నెలల్లో మీతోపాటు ఆగేవాళ్ళు ఎవరున్నారండీ?