పేడ కోసం వెళ్ళిన రోజు

మా మామగారికి పేడ కావాలి. ఆయన పేరు హోమ్‌నాథ్ సివాకోటి. వయసు డెబ్బై ఎనిమిది, అమెరికాలో ఈ వెర్మాంట్ చలిలోకి వచ్చి పదమూడేళ్ళు. అందరిళ్ళలో ముసలాళ్ళు దుప్పటి కావాలంటారు, మోకాళ్ళకు నూనె కావాలంటారు. ఈయనకు పేడ! అదీ దుకాణంలో సంచీలో అమ్మే నల్లపొడి పనికిరాదట.

"దీంట్లో ఆవు లేదమ్మాయీ," అనేవాడు సంచీలో ముక్కుపెట్టి.

"ఆవెందుకుంటుంది మామయ్యా, అది ఎరువు."

"అదే చెబుతున్నా. ఆవు వాసనే లేనిది ఎరువెట్లా అవుతుంది?"

నా నోరు మంచిది కాదని మావాళ్ళంతా అంటారు. ఈయనతో ఒక్క వారం వేగి చూడమనండి, తెలుస్తుంది. ఊరివాళ్ళు కూరగాయలు పెంచుకోమని మాకు నాలుగు మంచాలంత చోటు ఇచ్చారు. అంతా ఇసక. అందులో ఈయన వేసిన ఆవాకు పల్చగా, పాలిపోయి వచ్చేది. వండి పెడితే రెండు ముద్దలు తిని కంచం పక్కకు తోసేవాడు. "మన చిరాంగ్ కొండల్లో ఆవాకు ఒక్కటి తుంచితే ఇద్దరికి కూరయ్యేది," అంటాడు. "అవును మామయ్యా, ఒక మిరపకాయతో ఊరంతా భోంచేసేవాళ్ళు," అంటాన్నేను.

అసలు దిగులు ఆకు గురించి కాదు. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. భూటాన్‌లో నేపాలీవాళ్ళమని మమ్మల్ని కొండమీంచి వెళ్ళగొట్టిన రోజు పొద్దున్నే ఈయన కొట్టంలోకి వెళ్ళి ఏడు ఆవులకూ పలుపులు విప్పేసి వచ్చాడు. కట్టేసి పోతే చచ్చిపోతాయి, విప్పితే అడవిలో పడైనా బతుకుతాయని. ఆ తర్వాత నేపాల్ శిబిరంలో వెదురు గుడిసెలో పద్దెనిమిదేళ్ళు, ఆపైన ఇక్కడ. ఎక్కడున్నా రోజూ అన్నం ముందు కూచుని అదే మాట.

"తారే ఎటు పోయుంటుందంటావ్?"

తారే అంటే నుదుట తెల్లమచ్చ ఉన్న ఆవు. "అడవిలోకే పోయుంటుంది, హాయిగా మేసుంటుంది," అని ఎవరో ఒకరం అనాలి. అంటేనే ముద్ద దిగేది. మా అత్తగారు పోయేదాకా ఆవిడే అనేది. ఆ తర్వాత ఆ పని నాకొచ్చింది. ఎన్ని వేలసార్లు అన్నానో! ఆ ఒక్క మాట పట్టుకునే ఈ మనిషి బతుకుతున్నాడు.

నేను బడి వంటశాలలో పనిచేస్తాను. అక్కడ నాతో పాత్రలు కడిగే ఆవిడ అన్న ఎర్ల్‌కు ఇరవై ఎనిమిది ఆవులున్నాయట. అడిగితే, "ఎంత కావాలంటే అంత ఎత్తుకుపొమ్మను, నాకే బరువు తగ్గుతుంది," అన్నాడట. ఇంటికొచ్చి చెప్పానో లేదో, మామగారు చెప్పులేసుకున్నాడు. మళ్ళీ ఏమనుకున్నాడో విప్పేశాడు.

"తిహార్ పండగలో ఆవుల పూజ రోజే వెళదాం. ఊరికే పేడకని వెళితే ఏం బాగుంటుంది?"

మంచు పడకముందే బంతిపూలు కోసి, దండ గుచ్చి, ఫ్రిజ్‌లో పెట్టాడు. వారం రోజులు పెరుగుగిన్నెకు చోటు లేదు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా వినిపించుకుంటేనా!

ఆ రోజు మేం వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండయింది. ఎర్ల్ భారీ మనిషి, మాట తక్కువ. కొట్టం వెనక ఎరువుకుప్ప చూపించి, ట్రాక్టరేదో బాగుచేసుకోవడానికి వెళ్ళిపోయాడు. బాగా మాగిన ఎరువు, లోపల ఇంకా వెచ్చగా ఆవిరొస్తోంది. మామగారు గుప్పెడు తీసి వాసన చూశాడు. కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఆవుందా మామయ్యా?" అన్నాను.

"ఉందమ్మాయీ," అన్నాడు. నాకెందుకో ఏడుపొచ్చింది. "నువ్వు సంచులు నింపుతుండు, నేను లోపలికెళ్ళి దండ వేసొస్తా."

నేను మూడో సంచీ మూతి కడుతుంటే లోపల్నుంచి ఖణీ ఖణీమని చప్పుళ్ళు. ఏంటా అని వెళ్ళి చూద్దును కదా, కొంప మునిగింది! వరసంతా గొలుసులు నేలమీద పడున్నాయి. ఇరవై ఎనిమిది ఆవులకూ మెడకొక్కేలు ఊడదీసేశాడు. పెద్ద తలుపు బార్లా తెరిచాడు.

"మామయ్యా, ఏంటీ పని? పరాయివాళ్ళ గొడ్లు!"

"పండగపూట కట్టేసి ఉంచుతారుటే ఎక్కడైనా? మహాపాపం!" అన్నాడు. కానీ ఆయన నన్ను చూడటం లేదు. ఆవుల్నే చూస్తున్నాడు.

ఒక్కటీ కదల్లేదు. ఎక్కడివక్కడే నిలబడి నెమరేస్తున్నాయి. ఈయన దగ్గరున్నదాని వీపు తట్టాడు. "హెయ్, పో, పో." అది రెండడుగులు వేసి తలుపులోంచి బయటికి చూసింది. మళ్ళీ వచ్చి తన చోట్లోనే నిలబడింది. "పోవే! పోవే తారే, తలుపు తీసే ఉంది!" అని రెండు చేతులతో నెట్టాడు. అది మెడ తిప్పి ఆయన చెయ్యి నాకింది.

అప్పుడే ఎర్ల్ వచ్చాడు. వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి క్షమించమన్నాను. ఎర్ల్ నవ్వేశాడు. "ఎక్కడికి పోతాయమ్మా ఇవి? పోయినా సాయంత్రానికి వచ్చి ఇక్కడే నిలబడతాయి. పొదుగు బరువెక్కాక మనిషి కోసం చూడక ఏం చేస్తాయి?"

"ఏమంటున్నాడు?" అన్నాడు మామగారు.

"గొలుసులు పెట్టేయమంటున్నాడు, అంతే."

"అబద్ధం చెప్పకమ్మాయీ. నేను చూశాగా." అక్కడే, ఆ తడినేల మీద గొంతుక్కూచున్నాడు. "మనవి అడవికి పోలేదు. కొట్టంలోనే ఉండిపోయాయి. పాలు తీసేవాళ్ళు లేక, పొదుగులు పగిలిపోతుంటే, నేనొస్తానని అక్కడే నిలబడి చూశాయి."

అన్ని వేలసార్లు చెప్పిన మాట ఒక్కసారి చెబుదామంటే నా నోరు పెగల్లేదు.

తలెత్తాడు. "అతన్ని పాలు తియ్యమను. ముందు ఇప్పుడే తియ్యమను."

అడిగాను. "నాలుగింటికి తీస్తాను," అన్నాడు ఎర్ల్.

ఆ మాట చెప్పాను. మామగారు లేవలేదు. నేను కారులోంచి దుప్పటి తెచ్చి ఆయన భుజాల మీద కప్పి పక్కన కూచున్నాను. ఎర్ల్ మమ్మల్ని కాసేపు చూశాడు. ఏం అర్థమయిందో, చేతులు కడుక్కొచ్చి రెండున్నరకే మొదలుపెట్టాడు.

చివరి ఆవు అయ్యేదాకా మామగారు అక్కణ్ణించి కదల్లేదు.