జెండా లేని చోటు

1977లో నన్ను విశాఖపట్నంలో పార్కులు, బీచ్‌ల పర్యవేక్షకుడిగా వేశారు. బాన్సువాడలో పుట్టి, నిజాంసాగర్ కాలువలో ఈత నేర్చిన నేను సముద్రం చూడటం అదే మొదలు. నా కింద తోటమాలీలు, వాచ్‌మన్లు, బీచ్ మీద ఇద్దరు గార్డులు ఉండేవారు. గార్డులు పొద్దున్నే వచ్చి, అలలు ఎక్కడ ఎత్తుగా విరుగుతున్నాయో అక్కడ ఎర్రజెండా పాతి, దాని పక్కనే నిలబడాలి. నేను రాకముందు నుంచీ అదే పద్ధతి. చూసేవాళ్లకు సబబుగానే ఉండేది.

మరుసటి ఏడాది చలికాలంలో మా అక్క లచ్చవ్వ, బావ గంగారాం నన్ను చూడటానికి వచ్చారు. బావ కాలువ మీద లస్కర్, అంటే తూములు ఎత్తి దించి, గట్లు కాచే ఉద్యోగి. చిన్నప్పుడు నన్ను నడుము పట్టి నీళ్లలో దింపింది ఆయనే. తూము దగ్గర నీళ్లు ఎగిసిపడతాయి, అటు పోవద్దు, నిమ్మళంగా ఉన్నచోటే దిగాలి అని నేర్పిందీ ఆయనే. కాలువ విషయంలో అది అక్షరాలా నిజం.

వచ్చిన రోజంతా నన్ను ఆటపట్టించాడు.

"ఏం నౌకరి బామ్మర్దీ ఇది? సముద్రానికి కాపలానా? అదేడికన్న పారిపోతదా?"

నాకూ నవ్వొచ్చింది. ఆయన ఉంటే ఇల్లు సందడిగా ఉండేది.

సముద్ర స్నానం చేయాలన్నది అక్క కోరిక. తెల్లారి ఇద్దరినీ ఇసుకలోకి తీసుకెళ్లి, జెండా చూపించి, దాని దగ్గర మాత్రం దిగొద్దన్నాను. అందరికీ చెప్పే మాటే వాళ్లకూ చెప్పాను. మాలీల హాజరు వేయడానికి రోడ్డు అవతలి పార్కుకు వెళ్లాను.

తిరిగొచ్చేసరికి జనం పరుగెడుతున్నారు. బావ జెండాకు దూరంగా, అలలే లేని చోటు వెతికి అక్కను దింపాడట. ఒడ్డుకొచ్చిన నీళ్లు మళ్లీ సముద్రంలోకి పోయే దారి అది. అక్కడ అలలు విరగవు, పైకి మడుగులా కనిపిస్తుంది, లోపల మనిషిని లాక్కుపోతుంది. ఒడ్డు వెంబడి పక్కకు ఈదితే బయటపడొచ్చు. బావ అక్కను పక్కనున్న అలల్లోకి బలంగా నెట్టాడు. అవి ఆమెను ఒడ్డు వైపు తోశాయి, జెండా దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చిన గార్డు అందుకున్నాడు. బావ మాత్రం కాలువలో అలవాటైనట్టు నేరుగా గట్టుకే ఈదాడు. చేతులు అలిసేదాకా ఈదాడు.

మర్నాడు శవం దొరికింది. దవాఖాన మెట్ల మీద అక్క నా చెయ్యి పట్టుకుంది.

"తమ్మీ, జెండ కాడికి పోవద్దన్నవు. మేం పోలే. మీ బావ నువ్వు చెప్పినట్లే ఇన్నడు గద. మరి గిట్లెందుకైంది?"

ఆమె నన్ను నిందించలేదు. తెలియక అడిగింది.

అక్కను బాన్సువాడలో దింపి వచ్చాక, జెండా చోటు మార్చాలని పై అధికారిని అడిగాను. నిమ్మళంగా ఉన్న నీళ్ల ముందు ఎర్రజెండా పెడితే జనం నవ్వుతారన్నాడు ఆయన. ఆయన్ని ఒడ్డుకు తీసుకెళ్లి, అలలు లేని చోట ఒక కొబ్బరిబోండాం విసిరాను. అది చూస్తుండగానే లోపలికి పోయి కనబడకుండా పోయింది. ఆ వారమే ఉత్తర్వు వచ్చింది.

ప్రమాదమని మనకు తోచిన చోట కాదు, కొత్తగా వచ్చినవాడు భద్రమనుకునే చోట జెండా పాతాలి, గార్డు నిలబడాలి. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే. చేరిన ప్రతి గార్డుకూ మొదటిరోజు ఆ నీళ్లే చూపించాను. స్నానానికి వచ్చి, అక్కడ జెండా చూసి నవ్వినవాళ్లున్నారు, తిట్టుకుంటూ పక్కకు పోయి స్నానం చేసి ఇళ్లకు వెళ్లినవాళ్లున్నారు. అక్క ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు అంతే. ఆమెకు దాన్ని చెప్పలేదు.