యోగేందర్ సారు చిన్న డౌటు

యోగేందర్ సారుకి ప్రతి సెమినార్‌లోనూ ఒక చిన్న డౌటు వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ కాలేజీలో ఆర్థికశాస్త్రం సెమినార్ జరిగినా, ఈ రిటైర్డ్ లెక్చరర్ ఆఖరి వరసలోంచి లేచి, "జర ఒక్క చిన్న డౌటమ్మా" అంటాడు. జనం వాచీలు చూసుకుంటారు. ఆ డౌటు నిజాం నాణేల దగ్గర బయలుదేరి, మలక్‌పేట రేసుకోర్సు చుట్టి, నాగోల్‌లో మెట్రో ఎక్కి ఎటో పోతుంది. ప్రశ్న మాత్రం రాదు.

పల్లవికి ఆయనంటే ఒళ్లు మంట. కాంట్రాక్ట్ లెక్చరర్‌గా ఆమెకు సెమినార్లంటేనే వెగటు. బొకేలూ శాలువాలూ పొద్దుటి పూటంతా మింగేస్తే, ఎండల్లో తిరిగి రాసిన పేపరుకి మిగిలేది భోజనాల ముందు కాస్త సమయం. అందులోనూ ఈ పెద్దమనిషి!

ఈసారి ముఖ్య అతిథి విశ్వేశ్వరరావు. కాంట్రాక్టులు పొడిగించే కమిటీలో ఆయన మాటే మాట. కుర్రవాళ్ల పేపర్లలో తప్పు దొరికితే ఆయనకు పండగ. నిరుడు ఇదే హాల్లో అభిలాష్ అనే కుర్ర లెక్చరర్‌ని నలుగురిలో ఉతికి ఆరేశాడు. అతనిప్పుడు పాఠాలు మానేసి బాటసింగారం వైపు ప్లాట్లు అమ్ముకుంటున్నాడు.

పల్లవి పేపరు కొత్తపేట పండ్ల బండ్ల మీద. తెర మీద పట్టిక వేశాక గాని ఆమె తప్పు చూసుకోలేదు. కొన్న ధర, అమ్మిన ధర తారుమారయ్యాయి. పట్టిక ప్రకారం బండ్లవాళ్లంతా రోజూ నష్టానికే అమ్ముతూ హాయిగా బతుకుతున్నారు. విశ్వేశ్వరరావు కళ్లజోడు సర్దుకుని, చిన్నగా నవ్వి, మైకు కోసం చెయ్యి చాపాడు.

"జర ఒక్క చిన్న డౌటమ్మా!"

మైకు అప్పటికే యోగేందర్ సారు చేతిలో ఉంది.

"గీ బత్తాయి ఉన్నది సూడు... బత్తాయంటె నాకు మా తాత యాదికొస్తడు..."

"ముందు ప్రశ్న అడగండి!" అన్నాడు విశ్వేశ్వరరావు.

"అడుగుతున్న సార్. గా తాతకు ఒక ఎడ్లబండి ఉండె..."

బండి ఊళ్లన్నీ తిరిగింది. ముఖ్య అతిథి చాపిన చెయ్యి నొప్పెట్టి దించేశాడు. ఇంతలో బిర్యానీ వాసన లోపలికి వచ్చింది. ఆ వాసన తగిలాక మన సెమినార్లలో ఏ శాస్త్రమూ నిలవదు. హాలు ఖాళీ అయిపోయింది.

ప్లేట్ల దగ్గర యోగేందర్ సారు గొంతు తగ్గించి అన్నాడు: "బిడ్డా, పట్టికల ధరలు తిరగబడ్డయ్. ప్రింటుకిచ్చేముందు సక్కజెయ్యి."

పల్లవి బిత్తరపోయింది. "మీరు చూశారా? మరి డౌటు?"

"నాకేం డౌటుంటది? గాయన చేతికి మైకు పోవద్దని. నిరుడు జ్వరమొచ్చి రాలే. గా అభిలాష్ పోరడు ఆగమైండు."

పల్లవి ప్లేటు పక్కన పెట్టి ఆయనకు దణ్ణం పెట్టబోయింది. అంతలో ప్రిన్సిపాల్ స్వరూపరాణి మేడం విసవిసా వచ్చింది.

"ముఖ్య అతిథి గారు చాలా ఫీలయ్యారు సార్. వచ్చేసారి మీకు ఇన్విటేషన్ పంపం!"

యోగేందర్ సారు బిర్యానీలో ముక్క వెతుక్కుంటూనే అడిగాడు:

"ఎన్నడు పంపిన్రు మేడం?"

పల్లవి తన కాంట్రాక్టు సంగతి మరిచిపోయి, మేడం ముందే పకపకా నవ్వేసింది.